అగ్గిపుల్లల ఇంజినీర్లు!

నాలుగు అగ్గిపుల్లల్ని చిన్న రబ్బరు గొట్టం ముక్కలతో కలిపితే చతురస్రం తయార్‌. దాన్ని మూల దగ్గర వేలితో నొక్కండి... పక్కకి ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కండి... ఆకారం మారదు. 'ఎందుకలా?' అని పిల్లలు అడిగారా... ఇంజినీరింగ్‌ తొలిపాఠం మొదలైనట్టే! రాజమండ్రిలో గోదావరి మీద ఉన్న రోడ్డు-రైలు వంతెనకి అన్నేసి ఉక్కు త్రిభుజాలు ఎందుకున్నాయో అప్పుడు వాళ్లే చెబుతారు.

సైకిల్‌ వాల్వ్‌ ట్యూబు, అగ్గిపుల్లలతో ఇలా లెక్కలూ సైన్సూ నేర్పొచ్చని దేశమంతా చాటిన వ్యక్తి అరవింద్‌ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు. 1970ల చివర్లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌ పల్లె బడుల్లో పనిచేసినప్పుడు ఆయనకి తట్టిన ఆలోచన ఇది. పనికిరాని వస్తువులతో ఆయన చేసిన బొమ్మలు ఎన్నో. 2018లో పద్మశ్రీ వరించింది.

అమ్మే రోబో!

కోడింగ్‌కీ కంప్యూటర్‌తోనే పని మొదలుపెట్టక్కర్లేదు. అమ్మో నాన్నో రోబోలా నిలబడాలి. చిన్నారి ఆజ్ఞలివ్వాలి. 'నాలుగడుగులు ముందుకి... కుడికి తిరుగు'. దీన్నే నాలుగుసార్లు చేయిస్తే హాల్లో చతురస్రం పూర్తవుతుంది. 'తిరుగు' అనడం మర్చిపోతే రోబో వెళ్లి గోడకి గుద్దుకుంటుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో పిల్లలే వెతుక్కుంటారు. 1967లో సేమర్‌ పాపెర్ట్‌ బృందం పిల్లల కోసం రూపొందించిన 'లోగో' భాషలో తాబేలు నడిచేదీ ఇలాంటి ఆజ్ఞలతోనే.

ఆ తర్వాత స్క్రాచ్‌లోకి రావచ్చు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌ 2007లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ ఉచితం. ఎనిమిదేళ్లు దాటినవారి కోసం చేసింది. రంగురంగుల దిమ్మెల్ని ఒకదాని కింద ఒకటి పేర్చితే పిల్లి బొమ్మ నడుస్తుంది, గీతలూ గీస్తుంది. సమబాహు త్రిభుజం గీయమంటే చాలామంది పిల్లలు ప్రతి మూలా 60 డిగ్రీలు తిప్పేస్తారు. లోపలి కోణం అదే కదా మరి! కానీ అలాగే తిప్పుతూ పోతే పిల్లి గీసేది ఆరు భుజాల బొమ్మ. తిరగాల్సింది 120 డిగ్రీలు.

అక్కడే 'తప్పు' అని దిద్దేయకండి. 'భలే, ఆరు భుజాలొచ్చాయే... ఎలా వచ్చాయి?' అని అడగండి. వేలకు వేలు పోసి కిట్లు కొన్నా, క్లాసులో చేర్చినా ఆ ప్రశ్న అడిగేవారు లేకపోతే దండగే. అది అడగడానికి మీరు ఇంజినీరే కానక్కర్లేదు... ఆదివారం ఓ గంట పక్కన కూర్చుంటే చాలు!