పాత కాంపర్... కొత్త కాపురం!

అమెరికాలో ఉంటున్న కూతురో, చెల్లెలో ఫోన్ చేసి "పాత కాంపర్ ఒకటి కొన్నాం, మేమే బాగు చేసుకుంటున్నాం" అంటే కంగారు పడకండి. ఇక్కడ చాలా కుటుంబాలకు అదొక సరదా. సెలవుల్లో నాలుగు ఊళ్ళు తిరగాలంటే హోటలు ఖర్చు తడిసి మోపెడవుతుంది. పప్పు, చారు లేనిదే పూట గడవని పెద్దవాళ్ళు వెంట ఉంటే మరీనూ! వంటిల్లు కూడా మనతోపాటే వస్తుందంటే ఎవరికి చేదు?

పికప్ ట్రక్కు వెనక సామాన్లు వేసే తొట్టిలో కూర్చునే బుల్లి గది ఇది. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు పైకప్పు దించేస్తారు. ఆగినచోట కప్పు పైకి లేపితే, మడతపడి ఉన్న గుడ్డ గోడలు చుట్టూ విచ్చుకుంటాయి. అప్పుడు లోపల హాయిగా నిలబడి వంట చేసుకోవచ్చు. డ్రైవరు క్యాబిన్ మీదికి చొచ్చుకొచ్చిన భాగంలో పడక, కింద స్టవ్వు, సింకు, చిన్న ఫ్రిజ్, రాత్రికి మంచంగా మారే సోఫా. ఫోర్ వీల్ కాంపర్స్ అనే సంస్థ 1972లో మొదలై అల్యూమినియం చట్రంతో వీటిని చేస్తోంది. కానీ చవగ్గా దొరికే పాతవాటిలో చాలావాటికి లోపల ఉండేది చెక్క చట్రమే. తంటా అంతా అక్కడే!

కాలిఫోర్నియాలో ఉంటున్న మేం అలాంటిదే ఒకటి కొని, ఒక చలికాలం శని, ఆదివారాలన్నీ దాని మీదే గడిపాం. వేసవిలో అత్తగారు, మామగారు వస్తున్నారు, వాళ్ళకి ఎల్లోస్టోన్ చూపించాలని కోరిక. పెద్దవాళ్ళు అందులో పడుకోవాలి కాబట్టి "ఏదోలే, నడిచిపోతుంది" అనుకోవడానికి వీల్లేని పని. అందుకే నేర్చుకున్నవన్నీ వివరంగా రాస్తున్నాను.

పరుపు ఎత్తి చూడండి

అమ్మేవాళ్ళందరూ చెప్పే మాట ఒకటే: "చుక్క నీరు కారదు." నమ్మే ముందు పై పడక మీది పరుపు ఎత్తి, ముందు మూలల్లో స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడాలి. మంచి చెక్క లొంగదు. కుళ్ళినది నానిన బిస్కెట్‌లా దిగిపోతుంది. కిటికీల కింద, కప్పు మీది గాలి కిటికీ చుట్టూ, మూలల్లో జాకీలు బిగించిన చోట కూడా అలాగే చూడాలి. లోపల పాత గోనెసంచి వాసన వస్తోందంటే ఎక్కడో తడి ఉన్నట్టే. మాకు అమ్మినాయనకు ఆ మూలలు చూపించేసరికి ధర సగానికి దిగింది.

బరువు లెక్క ముందు

డ్రైవరు తలుపు పక్కన అతికించిన కాగితం మీద మనుషులూ సామాన్లూ కలిసి ఎంత బరువు మించకూడదో రాసి ఉంటుంది. మన ఇంటి బడ్జెట్ లాంటిదే అది. ఉదాహరణకి ఆ అంకె 1900 పౌండ్లు అనుకోండి. కాంపర్ 1100, నలుగురు మనుషులు 600, ఇరవై గ్యాలన్ల నీళ్ళు 167, నిండు గ్యాస్ సిలిండర్ 37. మొత్తం 1904! ఇంకా దుప్పట్లు, బియ్యం, గిన్నెలు ఎక్కించనే లేదు. ప్రయాణంలో అయిదు గ్యాలన్ల నీళ్ళే ఉంచుకుని మిగతావి దిగినచోట పట్టుకుంటే 125 పౌండ్లు కలిసొస్తాయి. మిగిలిన 121 పౌండ్లలో సంసారమంతా సర్దుకోవాలి. కంపెనీ కాగితంలో ఉన్న బరువుని నమ్ముకోకుండా, హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూయించుకోవడం మంచిది. బరువు మించితే మొదట ఇబ్బంది పడేవి బ్రేకులు, టైర్లే.

ఆది జాకెట్టు పద్ధతి

పైన ఉన్న అల్యూమినియం రేకు విప్పితే చట్రం బయటపడుతుంది. బూజు ఉంటుంది కాబట్టి ఎన్-95 మాస్కు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. విప్పేముందు ప్రతి భాగానికీ ఫోటో తీసుకుని, ముక్కల మీద నంబర్లు వేసుకోవాలి. కుళ్ళిన కర్రని పారేయకండి. దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చినట్టు, దాన్ని పక్కన పెట్టుకుని కొత్తది కొయ్యాలి. ఒకేసారి అన్నీ పీకేస్తే గది వంకర తిరుగుతుంది. ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది బిగించాకే రెండోదాని జోలికి వెళ్ళాలి.

చెదలు పట్టకుండా మందు ఎక్కించిన చెక్క గట్టిది కదా అని వాడకూడదు. అందులోని రాగి లవణాలు అల్యూమినియం రేకుని తినేస్తాయి. మామూలు ఎండు ఫర్ చెక్క, మంచి జిగురు, తుప్పు పట్టని స్టీలు మరలు చాలు.

తరవాతి పని నీరు దిగకుండా చెయ్యడం. అంచు పట్టీల కింద, కిటికీ చట్రాల కింద బ్యూటైల్ టేపు పెట్టి బిగించాలి. కప్పు మీద అతుకులకు పైనుంచి కాంపర్లకని దొరికే సీలెంట్ రాయాలి. చవగ్గా దొరుకుతుందని సిలికాన్ పూస్తే, తరవాత దాని మీద ఇంకేదీ అంటదు. అంతా అయ్యాక ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చుంటే, మరొకరు బయట గొట్టంతో నీళ్ళు పట్టాలి. కిందినుంచి మొదలుపెట్టి పైకి పోతే ఎక్కడ కారుతోందో ఇట్టే దొరుకుతుంది.

గుడ్డ గోడలు

కుట్టుమిషను తెలిసిన ఆడవాళ్ళకి ఇది ఇష్టమైన భాగం. ఈ గోడలు చాలావరకు వినైల్ పూత ఉన్న పాలియెస్టర్‌వి. పాతదాన్నే ఆదిగా పరిచి కొత్తది కత్తిరించుకోవచ్చు. నూలుదారం ఎండకీ వానకీ ఆగదు, పాలియెస్టర్ దారమే వాడాలి. సూది 16 లేదా 18 నంబరుది కావాలి. వినైల్‌లో గుచ్చిన చిల్లు పూడదు కాబట్టి గుండుసూదులు మాని క్లిప్పులు పెట్టుకోండి. చిన్న చిరుగులకు మాసికలు ఇంటి మిషను మీదే వెయ్యొచ్చు. నాలుగైదు పొరలు కలిసేచోట మాత్రం పెద్ద మిషను ఉన్నవాళ్ళకి ఇవ్వడమే నయం.

తడి గోడల్ని మడిచి కప్పు దించేస్తే, సరిగా ఎండని వడియాలు డబ్బాలో పెట్టినట్టే! బూజు ఖాయం. వానలో బయల్దేరాల్సి వస్తే, ఇంటికి రాగానే కప్పు లేపి ఆరబెట్టాలి.

గ్యాస్ దగ్గర తెగువ వద్దు

చెక్కపని, కుట్టుపని మనం చేసుకున్నా గ్యాస్ గొట్టాలు మాత్రం తెలిసిన మెకానిక్‌తో వేయించాం. ఇక్కడి ప్రొపేన్ కూడా మన వంటగ్యాస్‌లాగే గాలికంటే బరువు. లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అందుకే దాన్ని పసిగట్టే అలారం కింద, నేలకి దగ్గర్లో ఉండాలి. సిలిండర్ ఉన్న అర లోపలికి ఏమాత్రం సందు లేకుండా, బయటికి గాలి పోయేలా ఉండాలి. అతుకుల్ని సబ్బునురగతో పరీక్షించాలి తప్ప అగ్గిపుల్ల గీసి చూడకూడదు.

రెండో ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ వాసనా ఉండవు. చలిగా ఉందని స్టవ్వు వెలిగించి, అన్నీ మూసుకుని పడుకుంటే నిద్రలోనే ప్రాణం పోవచ్చు. స్టవ్వు వంటకే, వెచ్చదనానికి కాదు. వంట చేసినంతసేపూ కప్పు మీది కిటికీతోపాటు పక్క కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. ఆవిరి గోడలకి పట్టకుండా ఉండడానికి కూడా అదే మందు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరుగా కొనాలి. మంటలార్పే సిలిండర్ తలుపు పక్కనే ఉండాలి.

ఎత్తయిన చోట అన్నం

ఎల్లోస్టోన్ సరస్సు సముద్రమట్టానికి 7,733 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ వెంట ఉంటే ఆ బెంగ లేదు. తాలింపు ఘాటు గుడ్డ గోడలకి పట్టేస్తే వదలదు కాబట్టి, తాలింపులన్నీ ఇంట్లోనే కానిచ్చుకోవాలి.

ప్రయాణపు ఉప్మా: రెండు కప్పుల బొంబాయి రవ్వకి మూడు చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, బాగా ఆరిన కరివేపాకు వేయించి, రవ్వ కూడా వేసి దోరగా వేగనివ్వాలి. ఉప్పు కలిపి, చల్లారాక డబ్బాకెత్తాలి. కావలసినప్పుడు కప్పు మిశ్రమానికి రెండున్నర కప్పుల మరిగే నీళ్ళు పోసి కలిపి, సన్నసెగ మీద మూత పెడితే సరి.

ఇంకో సంగతి. అదే పార్కులో ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపుగ్రౌండులోకి గుడ్డ గోడలున్న బండ్లని రానివ్వరు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. మాడిసన్, గ్రాంట్ విలేజ్ లాంటివి చూసుకోవాలి. ఎక్కడ దిగినా తినడం అవగానే ఆవకాయ సీసాతో సహా అన్నీ ట్రక్కు క్యాబిన్‌లోనో, అక్కడుండే ఇనపపెట్టెల్లోనో పెట్టి మూసెయ్యాలి. యోసెమిటీలోనైతే రాత్రిపూట క్యాబిన్‌లో కూడా ఉంచకూడదు, ఇనపపెట్టెలోనే.

ఎవరు కొనాలి?

వారానికి రెండు రోజులు తీరిక, బండిని వానకి తడవకుండా ఉంచే చోటు, ఆలుమగలిద్దరికీ ఓపిక ఉంటే ధైర్యంగా దిగొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పై పడక ఎక్కలేరు, వాళ్ళకి కింది సోఫా పడక సరిపోతుందో లేదో ముందే కొలుచుకోండి. కప్పు వంగిపోయి, చట్రం సగానికి పైగా కుళ్ళినదైతే మాత్రం ఊరికే ఇస్తానన్నా వద్దనండి. కొన్న ధర చూసి మురిసిపోవడం కాదు, చెక్క, గుడ్డ, టైర్లు, మెకానిక్ కూలీ అన్నీ కాగితం మీద రాసుకుని, అప్పుడు బేరానికి వెళ్ళండి.