ముందు ఊరు, తర్వాత ఏడాది, ఆఖర్న పేరు

చీరాల నుంచి వలస వచ్చిన ఒక ఇంట్లో నాయనమ్మ పుట్టుక గురించి ఒక్క మాటే మిగిలిందనుకుందాం: "నాయనమ్మ పాకల్లో పుట్టింది. అప్పుడు ఊరు ఊరంతా బయటే ఉంది." తేదీ లేదు, కాగితం లేదు. మనవలకు అది ముసలమ్మల కబురులా వినిపిస్తుంది. ఆ మాటనే ఏ గుంటూరులోనో బాపట్లలోనో గ్రంథపాలకుడి దగ్గర అంటే ఆయన వెంటనే ఏడాది చెప్పగలరు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టి దాదాపు పదకొండు నెలలు అక్కడే కాపురం చేశారు. నాయనమ్మ పుట్టింది ఆ పదకొండు నెలల్లోనే.

ఇంటి చరిత్ర వెతికేవాళ్లు చాలామంది గ్రంథాలయానికి వెళ్లి, ముత్తాత పేరు చెప్పి, ఆయన గురించి ఏమైనా ఉందా అని అడుగుతారు. లేదన్న జవాబు విని తిరిగి వస్తారు. అడగాల్సిన వరుస అది కాదు. జమీందారో, కవో, జైలుకెళ్లిన ఉద్యమకారుడో అయితే తప్ప మామూలు మనిషి పేరు అచ్చు పుస్తకానికి ఎక్కదు. ఆ మనిషి బతికిన ఊరు ఎక్కుతుంది. ఆ ఊరిని ముంచిన వరద, ఖాళీ చేయించిన కరువు, పక్కన తవ్విన కాలువ ఎక్కుతాయి. ఇంట్లో మిగిలిన కథను ఈ ఊరికి, ఈ సంఘటనకు ముడివేస్తే ఏడాది తేలుతుంది. ఏడాది తేలితే అప్పటి పాలనలో ఊరు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో తెలుస్తుంది. అది తెలిశాకే, పేరున్న రిజిస్టరు ఏ కార్యాలయం బీరువాలో ఉంటుందో అడగగలం. పేరు ఉండేది ఆ కార్యాలయంలో. అక్కడికి దారి ఉండేది గ్రంథాలయంలో.

ఏడాది తేల్చడం మన పెద్దవాళ్ల లెక్కతోనే మొదలవుతుంది. వాళ్లు ఇంగ్లీషు ఏడాది చెప్పకపోయినా సంవత్సరం పేరు చెబుతారు. అరవై ఏళ్ల చక్రంలో ప్రభవ 1867లో వచ్చింది, మళ్లీ 1927లో, 1987లో వచ్చింది. ఆ వరుసలో యాభై ఐదోది దుర్మతి, అంటే 1921 ఉగాది నుంచి 1922 ఉగాది దాకా. నాయనమ్మది దుర్మతి అని ఎవరైనా గుర్తు చేసుకుంటే పాకల కథకు రెండో సాక్ష్యం దొరికినట్టే. తిథి, నక్షత్రం కూడా తెలిస్తే, ఆ ఏటి పాత పంచాంగం దగ్గరపెట్టుకుని రోజును కూడా పట్టుకోవచ్చు. ఎల్.డి. స్వామికన్ను పిళ్లై తయారు చేసిన పట్టికలు పెద్ద గ్రంథాలయాల్లో ఉంటాయి, మరీ పాత తేదీలకు అవే దిక్కు. ఇంట్లో పాత పట్టా, రసీదు లాంటివేవైనా ఉంటే వాటి మీద ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) అంకె ఉంటుంది. మద్రాసు రాజధాని జిల్లాల్లో దానికి 590 కలిపితే ఆ జూలైలో మొదలైన ఏడాది వస్తుంది. ఫసలీ 1331 అంటే 1921 జూలై నుంచి 1922 జూన్ వరకు.

అరవై ఏళ్ల లెక్కలో ఒక ప్రమాదం ఉంది. ఒక చక్రం పైకో కిందికో జారితే అరవై ఏళ్లు తేడా వచ్చేస్తుంది. అందుకే సంవత్సరం పేరుకు సంఘటన తోడు కావాలి, సంఘటనకు సంవత్సరం పేరు తోడు కావాలి. 'ఉప్పెనలో కొట్టుకుపోయారు' అంటే దివిసీమలో 1977 నవంబరు కావచ్చు, బందరులో 1864 నవంబరు కావచ్చు. పింగళ అంటే మొదటిది, రక్తాక్షి అంటే రెండోది. 'నందన కరువు' 1832-33 నాటి గుంటూరు కరువు, 'ధాత కరువు' 1876లో మొదలైనది. ఇవన్నీ జనమే పెట్టుకున్న పేర్లు, ఏడాదిని తమలోనే దాచుకున్నాయి.

సంఘటన, ఏడాది చేతికొచ్చాక పాత పత్రికల దగ్గరికి వెళ్లాలి. ఈ పనికి నాకు చాలా ఇష్టమైన చోటు వేటపాలెం సారస్వత నికేతనం. చీరాలకు దగ్గర్లో, నేతగాళ్ల మధ్య, 1918లో ఊరి యువకులు పెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. పాత తెలుగు పత్రికల సంపుటాలను ఇంత శ్రద్ధగా దాచిన పల్లెటూరి గ్రంథాలయాలు చాలా తక్కువ. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. చీరాల ఉద్యమం నాటి సంచికల్లో ఏ రోజు ఏం జరిగిందో చదువుతుంటే నాయనమ్మ పుట్టిన పాక చుట్టూ ఒక ఊరు లేచి నిలబడుతుంది. ప్రెస్ అకాడమీ చాలా పాత పత్రికలను స్కాన్ చేయించింది కాబట్టి కొంత పని ఇంటి నుంచే చేయొచ్చు. అయినా వీలైతే వెళ్లమనే అంటాను. స్కాన్‌లో ఏ సంచిక తెరవాలో మీకు ముందే తెలిసి ఉండాలి. గ్రంథాలయంలో పక్క సంపుటం మీ చేతికి తగులుతుంది. ఏ ఏటి సంచికలను పురుగులు తిన్నాయో, ఊళ్లో ఎవరి దగ్గర ఇంకో ప్రతి ఉందో చెప్పే మనిషి కూడా అక్కడే ఉంటారు.

ఆ మనిషిని అడగాల్సినవి ఏ సూచికలోనూ కనబడని కాగితాలు: హైస్కూలు శతజయంతి సంచిక, గుడి జీర్ణోద్ధరణ కరపత్రం, కుల సంఘం పత్రిక, ఎవరో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న వంశ చరిత్ర, పాత ఓటర్ల జాబితా. ముత్తాత పేరు అచ్చులో దొరికే అవకాశం అంటూ ఉంటే అది ఇలాంటి వాటిలోనే. జైలుకెళ్లిన వాళ్లకైతే సరోజినీ రేగాని సంపాదకత్వంలో వచ్చిన స్వాతంత్ర్య సమరయోధుల సంపుటాలు ఉన్నాయి. తెలంగాణ కుటుంబాల్లో పద్యం రాసిన వాళ్లెవరైనా ఉంటే 1934లో సురవరం ప్రతాపరెడ్డి వెలువరించిన గోలకొండ కవుల సంచిక చూడాలి. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా ఆయన 354 మందిని అందులో చేర్చారు. కొన్ని ఇళ్లకు అదే మొదటి అచ్చు సాక్ష్యం.

ఇక జిల్లా సంగతి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. వేటపాలెం, చీరాల ఇవాళ బాపట్ల జిల్లాలో ఉన్నాయి, 2022కు ముందు ప్రకాశం జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా పుట్టిందే 1970లో, అంతకుముందు ఇవి గుంటూరు జిల్లా ఊళ్లు. గుంటూరు జిల్లా కూడా 1904లో ఏర్పడింది. దానికి ముందు బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాది, ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాది. కాబట్టి 1880ల నాటి చీరాల కోసం గార్డన్ మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ తీయాలి. ఒంగోలు కోసం బాస్వెల్ 1873లో రాసిన నెల్లూరు మాన్యువల్ తీయాలి. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు ముప్పై మైళ్లే, పుస్తకాలు మాత్రం వేరు. రెవెన్యూ రికార్డుల కోసం వెళ్లే కార్యాలయం కూడా అలాగే మారిపోతుంది. ఊళ్ల పాత కథలు కావాలంటే గ్రామ కైఫియతులున్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల తోటివాళ్లు ఊరూరా తిరిగి కరణాల దగ్గర సేకరించిన సమాచారం అది. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. రాష్ట్ర ఆర్కైవ్స్ అచ్చు వేసిన కైఫియతుల సంపుటాలు జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో అడగదగ్గవి.

జనాభా లెక్కల మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. మన దేశంలో ఇంటింటి వివరాలు 1948 చట్టం ప్రకారం రహస్యం, ఎవరూ చూడలేరు. కానీ 1961 లెక్కలతో పాటు వచ్చిన గ్రామ సర్వే గ్రంథాలు, జాతరలూ పండుగల సంపుటాలు బంగారం లాంటివి. ఊళ్లో ఏ దేవతకు ఏ నెలలో కొలుపు జరిగేదో వాటిలో కనిపిస్తుంది. ఇలవేల్పు పేరు తప్ప ఊరి పేరు మరిచిపోయిన కుటుంబాలకు అది గట్టి ఆనవాలు.

ఇవన్నీ పట్టుకుని రికార్డు ఉన్న కార్యాలయానికి వెళితే భూమి కాగితాల్లో పేర్లు మొదలవుతాయి. కోస్తా, రాయలసీమల్లో సెటిల్మెంటు నాటి డైగ్లాట్ (రెండు భాషల) రిజిస్టర్లు ఏ సర్వే నంబరు ఎవరి పట్టానో చెబుతాయి. 1858లో పెట్టిన ఇనాం కమిషన్ తయారు చేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు ఇంకా విలువైనవి. మొదట ఇనాం పొందింది ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్న వాళ్ల వయసెంత, వాళ్లకూ ఆ మొదటివాడికీ చుట్టరికమేమిటి అనే గళ్లు వాటిలో ఉన్నాయి. ఇది అగ్రహారీకుల గొడవ మాత్రమే అనుకోవద్దు. ఊరికి పని చేసినందుకు వడ్రంగికి, మంగలికి, చాకలికి, వెట్టివాడికి ఇచ్చిన మాన్యాలు కూడా ఆ లెక్కల్లోకి వచ్చాయి. తెలంగాణలో సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూడాలి. ఇంకా వెనక్కి వెళితే రికార్డు ఉర్దూ, ఫార్సీల్లో ఉంటుంది. అలాంటి కాగితం దొరికినవాళ్లు 1891లో ఆసఫియా పేరుతో మొదలైన అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయంలో అడిగితే, చదవగలిగిన వాళ్ల ఆచూకీ తెలిసే అవకాశం ఎక్కువ.

సెంటు భూమి కూడా లేని వాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్న పక్కన పెట్టి ఇంటి చరిత్ర గురించి రాయడం అన్యాయం. తెలుగు నేల మీద చాలా కుటుంబాలకు పట్టా లేదు, ఇనాం లేదు. వాళ్లకు కాగితం వేరే చోట ఉంది. ధాత కరువు చివర, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అక్కడి మిషన్‌ను నడిపింది, కరువు పనుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి దొరికేలా చేసిన మిషనరీ జాన్ క్లౌ. ఎన్నో దళిత కుటుంబాలకు తాతల పేర్లు మొట్టమొదట సిరాతో పడింది సంఘం రిజిస్టర్లలోనే. గ్రంథాలయంలో మిషన్ చరిత్ర చదివితే ఏ ఊరు ఏ మిషన్ కిందికి వచ్చేదో తెలుస్తుంది. అప్పుడు ఏ చర్చి తలుపు తట్టాలో తెలుస్తుంది.

కాగితం మీద కాక నోట దాచినవాళ్లూ ఉన్నారు. పిచ్చుకుంట్లవారు గోత్రాలు, వంశాలు చెబుతారు. డక్కలివారు మాదిగల కుల పురాణం చెబుతారు, సాధనాశూరులు పద్మశాలీల వెంట ఉంటారు. వీళ్ల మీద తెలుగులో మంచి జానపద పరిశోధనలు వచ్చాయి. వాటిని చదివి వెళితే, మీ ఊరివైపు తిరిగే కథకుల కుటుంబం ఏ ఊళ్లో ఉంటుందో వెతకడం తేలికవుతుంది. ఈ పని ఆలస్యం చేయకూడదు. చెప్పేవాళ్ల పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లిపోతున్నారు.

సముద్రం దాటిన వాళ్లకు విచిత్రంగా కాగితం ఎక్కువే మిగిలింది. మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు నాటాల్‌కు వెళ్లారు. ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చలు రాశారు. ఊళ్లోనే ఉండిపోయిన అన్నదమ్ములకు ఇంత వివరమైన నమోదు లేదు. అయితే ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన ఊరి పేరు ఇవాళ ఏ ఊరో తేలక దక్షిణాఫ్రికాలోని మునిమనవలు ఆగిపోతారు. చికాకోల్ అంటే శ్రీకాకుళం అని తెలియడం మొదటి మెట్టు. అప్పట్లో అది గంజాం జిల్లాలో ఉండేది కాబట్టి, తర్వాత టి.జె. మాల్ట్‌బీ 1882లో రాసిన గంజాం జిల్లా మాన్యువల్, 1961 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలోని గ్రామాల జాబితా పక్కపక్కన పెట్టుకుని, ఆ తాలూకాలో ఆ ధ్వనికి దగ్గరగా ఉన్న పేర్లన్నీ తీయాలి. స్థానికంగా పుట్టి పెరిగిన గ్రంథాలయ ఉద్యోగి ఇంకో మాట కలుపుతారు: ఆ పేరుతో శివారు పల్లె ఒకటి ఉండేదనో, ఏటికోతకు ఊరు జరిగిందనో. అది ఏ జాబితాలోనూ ఉండదు.

ఆడవాళ్ల వైపు వెతకడం కష్టం, అందుకని మానకూడదు. పట్టాల్లో వాళ్ల పేర్లు అరుదు. పుట్టింటి ఇంటిపేరు పెళ్లితో కాగితాల నుంచి జారిపోతుంది. శుభలేఖలు, దానపత్రాలు, పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలం దస్తావేజులు, బాప్తిస్మ రిజిస్టర్లలో తల్లి పేరు గడి, ఇలాంటి చోట్ల వాళ్లు దొరుకుతారు. అన్నిటికంటే ముందు ఇంట్లో ఉన్న పెద్దావిడ దగ్గర కూర్చుని, ఆమె అమ్మమ్మ ఏ ఊరి నుంచి కాపురానికొచ్చిందో అడిగి రాసుకోవాలి. గ్రంథాలయానికి పట్టుకెళ్లే చీటీలో ఆ ఊరి పేరు కూడా ఉండాలి.

దొరికినదంతా రాసి, ఏది కాగితం చెప్పింది, ఏది ఇంట్లో విన్నది అని విడివిడిగా గుర్తుపెట్టి, ఒక ప్రతి ఆ గ్రంథాలయానికే ఇవ్వండి. పైన ఊరి పేరు, పాత తాలూకా, పాత జిల్లా పెద్ద అక్షరాలతో రాయండి. మన ఇళ్లకు వేసే పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం, అక్కడి బీరువాలో మన ఊరి కాగితానికి చోటు అడిగే హక్కు మనకుంది. స్థానిక చరిత్రకు విడిగా అర లేకపోతే పెట్టమని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ రాయవచ్చు. పదిమంది సంతకాలతో రాస్తే ఇంకా మంచిది.