ముందు చెయ్యి.. తర్వాతే పిస్టల్

'సార్, ఏ కంపెనీ పిస్టల్ కొనమంటారు?' షూటింగ్ రేంజ్‌లో కాలేజీ పిల్లలు కోచ్‌లను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఇంట్లోవాళ్లు అప్పు చేసైనా కొనిపెడతామన్నప్పుడు ఆ ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. దిగుమతి పిస్టల్ అంటే లక్షల మాట మరి.

ఆశ పడటానికి కారణం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా జాబితాలో షూటింగ్ ఉంది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లోనో, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో ఆడిన సర్టిఫికెట్ దరఖాస్తుకు పనికొస్తుంది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం గెలిచింది 25 మీటర్ల పిస్టల్‌లోనే. అందులో వాడేది .22 రిమ్‌ఫైర్. అంటే తూటా వెనక అంచు మీద పిన్ను కొడితే పేలే రకం. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టినవాళ్లకు ఈ తూటా పరిచయమే.

ఇప్పుడు అసలు సంగతి. పార్దిని, వాల్తర్, మోరిని, ఫైన్‌వెర్క్‌బావ్.. ఈ పేర్లలో ఏది మేలని గంటలు గంటలు వాదించుకుంటారు. నిజానికి వీటిలో ఏదైనా మన చేతికంటే చక్కగానే కాలుస్తుంది. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. మంచి పిస్టల్‌ని స్టాండుకు బిగించి కాలిస్తే గుళ్లన్నీ అంతకన్నా చాలా చిన్న జాగాలో పడతాయి. కాబట్టి తేడా వచ్చేది గొట్టంలో కాదు, పట్టులో, ట్రిగ్గర్‌లో.

పట్టు సంగతి తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రేంజ్‌లో కోచ్ ఎదుట, తూటాల్లేని పిస్టల్ తీసుకుని కళ్లు మూసుకోండి. టార్గెట్ వైపు మామూలుగా చెయ్యెత్తి కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక గాడిలో సరిగ్గా కూర్చుని కనిపించాలి. పక్కకు జరిగిందంటే ఆ చెక్కపిడి మీ అరచేతికి సరిపోలేదన్నమాట. పిడి సైజు మార్చొచ్చు, కొంత అరగదీయొచ్చు. అలా చేసినా కుదరకపోతే ఎంత పేరున్న పిస్టలైనా వదిలేయండి. చిన్న చేతులున్న అమ్మాయిలకు పెద్ద పిడి అంటగట్టడం మామూలే, మొహమాటపడొద్దు.

ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువు మోయాలనేది అంతర్జాతీయ నిబంధన. పోటీకి ముందు కిలో బరువు తగిలించి మరీ చూస్తారు. ఆ బరువుకే ట్రిగ్గర్ జారిందంటే సరిచేసేదాకా దాంతో ఆడనివ్వరు. పిస్టల్ మొత్తం బరువు 1400 గ్రాములు దాటకూడదు. ముందు బరువుంటే నిలకడ బాగుంటుందంటారు, నిజమే. కానీ పోటీలో 60 షాట్లు. అందులో రెండో సగం మూడేసి సెకన్లలో చెయ్యెత్తి కాల్చాలి. రేంజ్‌లో కనీసం 30 షాట్లు అలా కాల్చి చూస్తే గానీ భుజం సంగతి తెలియదు.

తూటాల్ని మర్చిపోతుంటారు. ఒక పిస్టల్‌కు నచ్చిన తూటా ఇంకోదానికి నచ్చదు. ఒకే కంపెనీలో బ్యాచ్ మారినా ఫలితం మారొచ్చు. మీ ఊళ్లో, మీ క్లబ్బులో ఎప్పుడూ దొరికే తూటాతోనే పరీక్షించండి. వేగం ఎక్కువున్నవి కాదు, స్టాండర్డ్ వెలాసిటీవి చాలు.

ఇక చట్టం. .22 పిస్టల్‌కు ఆయుధ లైసెన్స్ తప్పనిసరి, సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్నవాళ్లు క్లబ్బు పిస్టల్‌తో, కోచ్ పర్యవేక్షణలో సాధన చేయడమే దారి. నన్నడిగితే వయసున్నవాళ్లకూ మొదటి ఏడాది ఎయిర్ పిస్టల్, క్లబ్బు పిస్టల్ చాలు. అప్పటికి మీ పట్టేంటో మీకే తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే మ్యాగజైన్ పెదవులు వంగాయేమో చూడండి. తూటా ఇరుక్కుపోవడానికి అదో ముఖ్య కారణం. ఫైరింగ్ పిన్, స్ప్రింగులు, అదనపు మ్యాగజైన్ ఇక్కడే దొరుకుతాయా అని కూడా అడగండి. విదేశం నుంచి పిన్ను వచ్చేలోపు సెలెక్షన్ ట్రయల్స్ అయిపోతాయి.