కుర్చీ దిగిన వానితో కొలువు

వస్త్ర దుకాణమున కుర్చీకి గల విలువ సింహాసనమునకును లేదు. ఉదయము పది గంటలకు తలుపులు తెరచినది మొదలు రాత్రి దీపములార్పు వరకు సేల్స్‌మన్ నిలువుకాళ్లపై నుండవలెను. కొనవచ్చిన వారికి మెత్తని పరుపులు, చల్లని మంచినీళ్లు. చీరలు విప్పి చూపించు వానికి కౌంటరుపై మోచేయి యానించు స్వాతంత్ర్యమైనను ఉండదు. దుకాణ సిబ్బందికి కూర్చుండు వసతి కల్పింపవలెనని కేరళ 2018లోను, తమిళనాడు 2021లోను శాసనము చేయవలసి వచ్చినదనగా, ఈ నిలుచుండుట యెంత పెద్ద బాధయో పాఠకులు గ్రహింపవచ్చును. అట్టిచోట కుర్చీ గలవాడు ఫ్లోర్ మేనేజరు ఒక్కడే. అతడా కుర్చీ దిగి, నిన్నటివరకు తాను శాసించిన వారి ప్రక్కననే నిలిచి చీరలు మడువవలసి వచ్చిన నాడు, అతనికెట్లుండునో, అంతకంటె ముఖ్యముగా ఆ ప్రక్కనున్న వానికెట్లుండునో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

నేను విజయవాడ బీసెంటు రోడ్డులో ఒక బట్టల దుకాణమున పనిచేసిన రోజులలో, పదునొకండేండ్లు మాపై మేనేజరుగా నుండిన పెద్దమనిషి ఒక ఆషాఢమాసపు సోమవారమున వచ్చి, పట్టుచీరల కౌంటరు వెనుక నా ప్రక్కన చేతులు కట్టుకొని నిలిచెను. కారణము చిన్నది. పూర్వము మా చీరల చీటీలపై కొన్నధర అంకెలలో నుండెడిది కాదు. ఒక్కొక్క యంకెకు ఒక్కొక్క యక్షరము చొప్పున ఏర్పరచుకొన్న రహస్యపు మాటలోని యక్షరములతో వ్రాసియుండెడిది. ఆ మాట తెలిసినవాడే యెంతవరకు తగ్గింపవచ్చునో యెరుగును. కొనువారు బేరమాడుచుండగా మేము చీటీ పట్టుకొని కుర్చీ వైపు చూచెడివారము; అతడు రెప్ప వాల్చెనా, బేరము కుదిరినట్లే. యజమానిగారి కుమారుడు చదువు ముగించి వచ్చి, బార్‌కోడ్ బిల్లింగు పెట్టించి, ధరలన్నియు ఒకే మాటపై నిలిపెను. రెప్పపాటుతో నడచిన పెత్తనము ఒక నెలలో నిష్ప్రయోజనమయ్యెను. కంప్యూటరు తెలిసిన యువకుడొకడు, నిన్నటివరకు అతనిచేత "ఏరా" యని పిలిపించుకొన్నవాడు, మేనేజరయ్యెను. పెద్దమనిషి జీతమును మాత్రము తగ్గింపలేదు. "మీరు సీనియర్లు, కౌంటరు చూసుకోండి చాలు" అనిరి. ఆ కౌంటరుపై అతని యధికారమేమి, అతడెవరికి జవాబుదారి యను సంగతి ఎవరును చెప్పలేదు.

జీతము తగ్గలేదు గదా, ఇంక దుఃఖమేల యని గుమాస్తాలు గుసగుసలాడిరి. మనుష్యుని మనస్సు చిట్టా పుస్తకము వలె కూడికలు తీసివేతలు చేయదు. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అను ఇద్దరు మనస్తత్వవేత్తలు 1979లో ప్రకటించిన సిద్ధాంతమున దీనినే నిరూపించిరి: నూరు రూపాయలు దొరికిన సంతోషముకంటె నూరు రూపాయలు పోయిన బాధ బరువైనది. మన పెద్దలకిది భారతముననే తెలిసిన విషయము. ద్రోణుడు శిష్యులచేత ద్రుపదుని బంధించి తెప్పించి, సగము రాజ్యము తానుంచుకొని సగము తిరిగి యిచ్చి, ఇప్పుడు మనమిరువురము సమానులము, మిత్రులమై యుందమనెను. లెక్క ప్రకారమది ఔదార్యమే. కాని ద్రుపదుడా సమానత్వమును భరింపలేక, ద్రోణుని చంపగల కుమారునికొరకు యజ్ఞము చేసెను. పూర్తిగా ఓడినవాడు అడవికి పోవును; సగమోడినవాడు ప్రక్కనే కూర్చుండి తలచుకొనుచుండును. మా పెద్దమనిషియు ఆ సగమోడినవారి కోవలోనివాడే.

అతని కినుక కేకలతో బయటపడలేదు, వ్యాకరణములో బయటపడెను. తెలుగున ఎదుటివానిని పిలువకుండ, ఆజ్ఞయు ప్రార్థనయు గాకుండ మాటలాడుటకు "అట" యను చిన్న ప్రత్యయము గలదు. కొత్త మేనేజరును అతడు "సార్" అనలేడు, "ఏరా" అనరాదు. కావున, "అయిదో కౌంటరుకు మనిషి కావాలట," "మూడో ర్యాకు సరుకు మళ్లీ లెక్క చూడాలట" అని గాలికి చెప్పినట్లు నాతో చెప్పెడివాడు. ఎవరు చెప్పిరో ఆ వాక్యమున నుండదు. నేను పోయి ఆ మాటను మేనేజరుకు మోసిన, "నాకేం తెలుసు నాయనా, నేను మామూలు సేల్స్‌మన్ని" అను రెండవ యస్త్రము సిద్ధముగా నుండెడిది. ఈ వినయమంత కఠినమైన తిట్టును నేనెన్నడును వినలేదు.

పిలుపుతో నాకును చిక్కే వచ్చెను. "మేనేజరుగారూ" అనుట అబద్ధము, పేరు పెట్టి పిలుచుట అపచారము. మూడు దినములు పిలుపులేకయే గడిపి, నాల్గవ దినమున కృష్ణా జిల్లా వాడుక ననుసరించి "బాబాయిగారూ" అంటిని. "నీకు నేనెప్పుడు బాబాయినయ్యానోయ్?" అని కళ్లజోడు మీదుగా చూచెను. అయినను నేను మానలేదు, పదిదినములకు పలుకనారంభించెను.

శ్రావణమునకు ముందొకనాడు ఒక తల్లియు, పెండ్లి కుదిరిన కుమార్తెయు వచ్చిరి. గద్వాల చీర విప్పి, అంతయు పట్టేనని నేను ధైర్యముగా చెప్పితిని. ప్రక్కనున్న పెద్దమనిషికి నా తప్పు తెలియును, నోరు మెదపలేదు. ఆ తల్లి చీరను వ్రేళ్లతో నలిపి, "ఇది నూలులాగుందే" అనగానే, అతడు చిరునవ్వుతో, "ఆయనకు తెలుసులెండమ్మా, మాకే పాతకాలపు జ్ఞానం" అనెను. బేరము చెడెను, నా చెవులు వేడెక్కెను. ఆ రాత్రి చీరలు మడుచునపుడు, కోపము మ్రింగి, "బాబాయిగారూ, అతుకెక్కడుంటుందో చూపించండి" అని యడిగితిని. అతడు చాలసేపు పలుకలేదు. పిమ్మట నా చూపుడువ్రేలు పట్టుకొని, అంచు నేతలో కలియు చోటికి తెచ్చి, "ఇక్కడ గోరు పెట్టు" అనెను. నూలు నేతకు పట్టు అంచును మగ్గముపైననే పోగు పోగుగా కలిపిన సన్నని గీటు నా గోటికి తగిలెను. దానిపై అతడు అరగంటసేపు చెప్పెను. పోచంపల్లిలో నూలు నేయకముందే ముడులు కట్టి రంగులద్దుటయు, మంగళగిరి చీరకు అంచే యందమగుటయు చెప్పెను. నా కంటె అతడే యెక్కువ సంతోషించినట్లు తోచెను.

మరునాడు మరల "అట" మొదలయ్యెను. ఒక్క రాత్రితో కుర్చీ పోయిన బాధ తీరునని నేననుకొన్నది నా యమాయకత్వము. అయినను ఆ దినమునుండి నేను కొన్నిటిని నియమముగా పాటించితిని. అతడు టీకొట్టు దగ్గర మేనేజరును గూర్చి యన్న మాట టీకొట్టు దగ్గరనే విడిచెడివాడను. మేనేజరు అతనిని గూర్చి యన్నదియు మెట్లపైననే విడిచెడివాడను. సరకు లెక్కలో తేడా వచ్చిన, నోటిమాటతో వదలక, ఏ ర్యాకులో నేనెన్ని చీరలు ఏ గంటకు అప్పగించితినో పుస్తకమున వ్రాసి సంతకము తీసికొనెడివాడను. కినుక గలవాడు పొరపాటు చేసినను, చేయకున్నను, అనుమానము ముందు అతనిమీదికే పోవును గనుక ఆ సంతకము అతనిని కూడ కాపాడెను. పాత ఖాతాదారులు అతనినే వెదకికొని వచ్చినపుడు ప్రక్కకు తొలగెడివాడను. ఖాతాదారుల యెదుట నన్ను తక్కువచేసి మాటలాడినపుడు మాత్రము ఊరకుండలేదు. దుకాణము మూసిన పిమ్మట, మూడవవాడు లేనిచోట, "ఇది బాగులేదు బాబాయిగారూ" అని సూటిగా చెప్పితిని. భయపడి సహించుటకును, గౌరవించి సహించుటకును చాల దూరమున్నది, అతడా భేదమెరిగినవాడే.

ఇందులో కొత్త మేనేజరు దోషమును లేకపోలేదు. పాత కుర్చీనే తీసికొని, పాత చోటనే వేయించుకొని కూర్చుండెను. మరియొక చోట కూర్చుండిన నేమి? అంతకంటె పెద్ద దోషము యజమానిది. ఒకని పదవి తీసివేసి జీతమునుంచుట దయ యని యతడనుకొనెను. చీర ముట్టి జాతి చెప్పగల వానిని కొనుగోళ్లకు పంపి, ఆ పనికొక పేరు పెట్టి, అందరియెదుట ఒక్కమాట చెప్పియుండిన, మా కౌంటరు వెనుక రెండేండ్లు నడచిన మౌనయుద్ధము రెండు వారములలో ముగిసియుండెడిది. దుకాణదారులారా, పాతవానిని దింపవలసి వచ్చిన దింపుడు; కాని అతడు నిలువవలసిన చోటు కూడ మీరే చూపుడు.

మూడవ యేట అతడు పని మానుకొనెను. ఇప్పుడు ప్రతి శ్రావణమునకు ముందు, నేతగాండ్రు తెచ్చిన సరకు ఎన్నుటకు ఆ దుకాణమువారు అతనికే కబురంపుచున్నారు. వచ్చినపుడు కుర్చీ వేయుచున్నారు.