జీతం ఉన్నచోటికే గ్రాంటు

ఏటా రాష్ట్ర బడ్జెట్ శాసనసభ ముందుకు వచ్చిన మర్నాడు జిల్లా పేజీల్లో ఒక చిన్న వార్త పడుతుంది. మన విశ్వవిద్యాలయానికి ఇన్ని కోట్లు కేటాయించారు, పోయినేటి కంటే ఇంత పెరిగింది లేదా ఇంత తగ్గింది అని. విద్యార్థి సంఘాలు చాలదంటాయి. ప్రభుత్వం ఇదివరకెన్నడూ లేనంత ఇచ్చామంటుంది. ఈ రెండు మాటల మధ్య అసలు ప్రశ్న ఎవరూ అడగకుండానే ఉండిపోతుంది. ఉస్మానియాకు అంత, పాలమూరుకు ఇంత అని దేన్ని చూసి నిర్ణయించారు?

విద్యార్థుల సంఖ్యను బట్టి ఇస్తారని చాలామంది అనుకుంటారు. ఎక్కువమంది చదివే చోటికి ఎక్కువ డబ్బు వెళ్తుందనుకోవడం సహజమే. కానీ తెలుగు రాష్ట్రాల్లో ఆ లెక్క లేదు. ఇక్కడ డబ్బు జీతాల వెంట నడుస్తుంది. ఏ విశ్వవిద్యాలయంలో ఎంతమంది రెగ్యులర్ ఉద్యోగులున్నారు, ఎంతమంది పెన్షనర్లున్నారు, పోయినేడు ఎంత ఇచ్చాం అన్న మూడు అంకెలే ఈ ఏటి అంకెను దాదాపుగా తేల్చేస్తాయి.

పద్ధతి ఇలా సాగుతుంది. బడ్జెట్‌కు కొన్ని నెలల ముందే విశ్వవిద్యాలయంలోని ఫైనాన్స్ ఆఫీసర్ అంచనాలు తయారు చేస్తారు. టీచింగ్, నాన్‌టీచింగ్ సిబ్బందికి రాబోయే ఇంక్రిమెంట్లు, పెరిగే డీఏ, రిటైరయ్యేవారికి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ, పెన్షన్లు, ఆ తర్వాత కరెంటు బిల్లులు, హాస్టళ్లు, ప్రయోగశాలలు. దీన్ని పాలకమండలి ఆమోదించాలి. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ఆ మండలిలో ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులు పదవి రీత్యా సభ్యులు. అంటే డబ్బు అడిగే బల్ల దగ్గరే డబ్బు ఇచ్చేవారూ కూర్చుంటారు. అక్కడి నుంచి ఫైలు ఉన్నత విద్యామండలికి, ఉన్నత విద్యా శాఖకు, చివరికి ఆర్థిక శాఖకు వెళ్తుంది. ప్రభుత్వానికీ విశ్వవిద్యాలయాలకూ నడుమ నిలబడి మాట్లాడటానికి 1988లో చట్టం చేసి పెట్టిన సంస్థ ఈ ఉన్నత విద్యామండలి. అయితే చివరి కోత మాత్రం ఆర్థిక శాఖదే.

అలా తేలిన మొత్తాన్ని బ్లాక్ గ్రాంటు అంటారు. దేనికెంత అని చిన్న చిన్న పద్దులుగా విడగొట్టకుండా గంపగుత్తగా ఇచ్చే డబ్బు అది. ఆ ఆలోచన మంచిదే. విశ్వవిద్యాలయం తన అవసరాన్ని తానే చూసుకోవాలి, ప్రతి బీరువాకూ సచివాలయం అనుమతి అడగక్కర్లేదు అన్నది దాని ఉద్దేశం. కానీ ఆ గంపలో జీతాలూ పెన్షన్లూ పోగా మిగిలేది చాలాచోట్ల ఏమీ ఉండదు. పేరుకు స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛతో ఖర్చు పెట్టడానికి డబ్బు లేదు.

ఒక్క విభాగాన్ని తీసుకుని లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ప్రమాణం ప్రకారం ఒక పీజీ విభాగంలో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్ ప్రొఫెసర్లు, నలుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఉండాలి. ఏడో వేతన సవరణలో ప్రొఫెసర్ మూలవేతనం రూ.1,44,200తో, అసోసియేట్‌కు రూ.1,31,400తో, అసిస్టెంట్‌కు రూ.57,700తో మొదలవుతుంది. ఏడుగురికీ కలిపి నెలకు రూ.6,37,800. ఏడాదికి రూ.76,53,600. డీఏ, ఇంటి అద్దె భత్యం ఇంకా కలపలేదు. ఇప్పుడు మరో విశ్వవిద్యాలయంలో అదే విభాగాన్ని ఊహించుకోండి. అక్కడ మిగిలింది ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసరే అనుకుందాం. ఏడాదికి రూ.6,92,400. రెండు చోట్లా ఎమ్మెస్సీ సీట్లు నలభై చొప్పునే ఉన్నా, జీతాల పద్దు కింద మొదటిదానికి వెళ్లే డబ్బులో పదో వంతు కూడా రెండోదానికి వెళ్లదు. రెండో క్లాసులో కూర్చున్న నలభై మంది చేసిన తప్పేమిటి?

ఈ తేడా ఎక్కడ పుట్టిందో చూడాలంటే విశ్వవిద్యాలయాల పుట్టుకలోకి వెళ్లాలి. ఉస్మానియా 1918 నాటిది, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 నాటిది, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర 1954 నాటిది. ఆ తర్వాత 1976లో కాకతీయ, నాగార్జున వచ్చాయి. వీటికి పోస్టులు మంజూరైన రోజుల్లో ప్రభుత్వాలు నియామకాలకు వెనకాడేవి కావు. 2006 నుంచి 2008 దాకా మాత్రం జిల్లాకొకటి చొప్పున ఒక వరుస విశ్వవిద్యాలయాలు పుట్టాయి. నిజామాబాద్‌లో తెలంగాణ, నల్గొండలో మహాత్మాగాంధీ, కరీంనగర్‌లో శాతవాహన, మహబూబ్‌నగర్‌లో పాలమూరు, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, కడపలో యోగి వేమన, నెల్లూరులో విక్రమ సింహపురి, కర్నూలులో రాయలసీమ, మచిలీపట్నంలో కృష్ణా, ఎచ్చెర్లలో అంబేడ్కర్. వీటిలో చాలావాటికి మొదటి ఆస్తి పాత విశ్వవిద్యాలయం వదిలిన పీజీ సెంటరే. నాలుగైదు విభాగాలు, కొద్దిమంది అధ్యాపకులు. ఆ కొద్దిపాటి జీతాల పద్దే వీటి తొలి బ్లాక్ గ్రాంటుకు పునాది. పోయినేటి అంకె మీద కొంత శాతం పెంచుతూ పోయే పద్ధతిలో చిన్నగా మొదలైనది చిన్నగానే ఉండిపోతుంది.

పోస్టులు నింపితే పద్దు పెరగదా అంటే పెరుగుతుంది. కష్టమంతా అక్కడే ఉంది. తెలంగాణలో 11 విశ్వవిద్యాలయాల్లో 1,061 అధ్యాపక పోస్టుల భర్తీకి 2017లో అనుమతి వచ్చినా నియామకాలు ముందుకు కదల్లేదు. అన్నిటికీ కలిపి ఒకే నియామక బోర్డు పెట్టే బిల్లు 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదం పొంది గవర్నర్ దగ్గర ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 చివర్లో 3,220 పోస్టులకు ప్రకటన వెలువడింది, అది కోర్టుకెక్కింది. ఈలోగా ప్రతి ఏడూ కొందరు పదవీ విరమణ చేస్తూనే ఉంటారు. ఒక ప్రొఫెసర్ వెళ్లిపోతే ఆ జీతం వచ్చే ఏటి అంచనా నుంచి తప్పుకుంటుంది. ఆ పాఠాలు చెప్పడానికి ఒక పార్ట్‌టైం అధ్యాపకుణ్నో అకడమిక్ కన్సల్టెంట్‌నో పెట్టుకుంటారు. వాళ్లకు ఇచ్చే డబ్బు చాలాసార్లు విశ్వవిద్యాలయం సొంత రాబడిలోంచే పోవాలి. పీహెచ్‌డీ చేసి, నెట్ పాసై, పదిహేనేళ్లుగా అదే నల్లబల్ల ముందు నిలబడి గంటల లెక్కన డబ్బు తీసుకుంటున్న మనుషులున్నారు. బ్లాక్ గ్రాంటు లెక్కల్లో వాళ్లు దాదాపు కనిపించరు.

ఖాళీ పోస్టు చేసే నష్టం అంతటితో ఆగదు. కేంద్రం నుంచి వచ్చే నిధులకు దారి యూజీసీ చట్టంలోని 12బి సెక్షన్. ఆ గుర్తింపు కావాలంటే తగినంతమంది శాశ్వత అధ్యాపకులుండాలి. విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినా మొదట చూసేవాటిలో అదొకటి. రాష్ట్రాల్లో ఉన్నత విద్య కోసం కేంద్రం 2013లో తెచ్చిన రూసా పథకంలో ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున పంచుకోవాల్సి ఉండేది. అందులోనూ న్యాక్ గ్రేడుకు పెద్దపీట. రెండో విడతలో నాణ్యత పెంపు కింద రూ.100 కోట్ల చొప్పున ఎంపికైన కొద్ది విశ్వవిద్యాలయాల్లో ఆంధ్ర, ఉస్మానియా ఉన్నాయి. వాటికి అర్హత లేదని కాదు. కానీ మాస్టార్లు లేనందువల్ల గ్రేడు రాదు, గ్రేడు లేనందువల్ల డబ్బు రాదు, డబ్బు లేనందువల్ల మాస్టార్లు రారు. ఈ వలయంలో ఇరుక్కున్న విశ్వవిద్యాలయాన్ని పోటీకి రమ్మని పిలవడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని పాతవాటి చేతిలో డబ్బు కుప్పలు పడి ఉందనుకోవద్దు. వాటి బరువు వేరే ఉంది. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన ఉద్యోగులకు పాత పెన్షన్ వర్తిస్తుంది, తర్వాత చేరినవారికి కంట్రిబ్యూటరీ పెన్షన్. దాదాపు నూరేళ్లుగా నడుస్తున్న సంస్థలో పెన్షనర్ల జాబితా ఎంత పొడవుంటుందో ఊహించవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులకు ట్రెజరీ నుంచి పెన్షన్ వస్తుంది. విశ్వవిద్యాలయ పెన్షనర్లకు మాత్రం ఆ బ్లాక్ గ్రాంటులోంచే రావాలి. ఉస్మానియాకు ఇన్ని వందల కోట్లు అన్న వార్త చదివినప్పుడు అందులో గణనీయమైన భాగం ఇవాళ పాఠం చెప్పేవారిది కాదని గుర్తుంచుకోవాలి.

పాతవాటి సొంత రాబడీ తగ్గింది. అనుబంధ కళాశాలల పరీక్ష ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు ఒకప్పుడు వాటికి పెద్ద ఆసరా. కొత్త విశ్వవిద్యాలయాలు వచ్చాక ఆయా జిల్లాల కాలేజీలు వాటి కిందికి వెళ్లాయి. దూరవిద్య ఇంకో ఆసరా. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోనే దాన్ని మొదలుపెట్టింది. తమ పరిధి దాటి స్టడీ సెంటర్లు నడపకూడదని 2013లో యూజీసీ కట్టడి చేశాక ఆ రాబడికి గండి పడింది. జేఎన్‌టీయూలకు ఇంజనీరింగ్ కాలేజీల ఫీజుల వల్ల చేతిలో కాస్త సొమ్ము ఆడుతుంది. తెలుగు, చరిత్ర, తత్వశాస్త్రం చెప్పే చోట అలాంటి కాలేజీలు ఎక్కడినుంచి వస్తాయి?

ఇక ఫీజు రీయింబర్స్‌మెంటు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో విస్తరించిన ఈ పథకం ఎందరో పేదపిల్లలను డిగ్రీ గడప దాటించింది. దీని డబ్బు విద్యార్థి వెంట వెళ్తుంది కాబట్టి ప్రైవేటు కాలేజీకీ పోతుంది, ప్రభుత్వ విశ్వవిద్యాలయానికీ పోతుంది. అది సకాలంలో రాకపోతే మాత్రం సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల మీద ఆధారపడిన క్యాంపస్‌లో ఆ నెల జీతాలకు తడుముకోవాల్సిందే. సర్టిఫికెట్ల కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్లవాడికి బకాయి కట్టమని చెప్పేది కూడా ఈ ఆలస్యమే.

బడ్జెట్‌లో రాసిన అంకె, చేతికి అందిన అంకె ఒకటి కావని కూడా తెలుసుకోవాలి. గ్రాంటును మూడు నెలలకోసారి విడతలుగా ఇస్తారు. ప్రతి విడతకూ ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఖజానా బిగువుగా ఉన్న ఏడు చివరి విడత జారిపోవచ్చు. జీతాలు ఆపలేరు కనుక కోత పడేది ప్రయోగశాల రసాయనాల మీద, లైబ్రరీ పత్రికల చందాల మీద, హాస్టల్ మరమ్మతుల మీద.

మరి ఎలా పంచాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కె. పున్నయ్య అధ్యక్షతన యూజీసీ వేసిన కమిటీ 1993లో ఇచ్చిన నివేదికలో, ఒక విద్యార్థికి అయ్యే ఖర్చును ప్రాతిపదికగా తీసుకుని గ్రాంటు ఇవ్వాలన్న సూచన ఉంది. విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో ఐదేళ్లలో 15 శాతం, పదేళ్లలో 25 శాతం సొంతంగా సమకూర్చుకోవాలని కూడా అదే కమిటీ చెప్పింది. దురదృష్టం ఏమిటంటే ప్రభుత్వాలకు ఆ రెండో మాట బాగా వినిపించింది, మొదటిది వినిపించలేదు. అమెరికాలోని టెనసీ రాష్ట్రం 1979 నుంచే ఫలితాలను బట్టి కొంత డబ్బు ఇవ్వడం మొదలుపెట్టి, 2010 చట్టంతో ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారన్నదాన్నే ప్రధానం చేసింది. దాన్ని యథాతథంగా తెచ్చి పెడితే మన దగ్గర పాసు మార్కులు సులువవుతాయే తప్ప చదువు పెరగదు.

నా లెక్కలో చేయాల్సిన మొదటి పని పెన్షన్లను గ్రాంటు నుంచి విడదీసి ట్రెజరీకి అప్పగించడం. అప్పుడు చదువుకు ఎంత పోతోందో బయటపడుతుంది. రెండోది, నిండిన పోస్టులను కాక మంజూరైన పోస్టులను లెక్కలోకి తీసుకోవడం, కొత్త విశ్వవిద్యాలయాలకు ముందు ఆ మంజూరులనే సరిచేయడం. దాని మీద విద్యార్థుల సంఖ్యకు కొంత కలపాలి. కెమిస్ట్రీ ల్యాబ్‌కయ్యే ఖర్చు తెలుగు తరగతికి కాదు గనుక కోర్సును బట్టి తేడా ఉండాలి. ఇంట్లో మొదటిసారి పీజీకి వచ్చిన పిల్లలు ఎక్కువగా ఉన్న ఎచ్చెర్లకూ పాలమూరుకూ ఇంకాస్త ఎక్కువ రావాలి. ఆ సూత్రాన్ని బడ్జెట్‌తో పాటే అచ్చు వేసి జనం ముందు పెట్టాలి.

అది వచ్చేదాకా చదవగలిగినవారు బడ్జెట్ పుస్తకాన్నే చదవాలి. 2202 సాధారణ విద్య పద్దు కింద, 03 విశ్వవిద్యాలయ, ఉన్నత విద్యలో 102 అన్న చోట విశ్వవిద్యాలయాలకు సాయం ఉంటుంది. మీ జిల్లా విశ్వవిద్యాలయం పేరు దగ్గర 311 అంటే జీతాల గ్రాంటు, 312 అంటే ఇతర గ్రాంటు. పక్కన గడచిన ఏటి అసలు ఖర్చు, ఈ ఏటి సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా ఉంటాయి. 311 ఎదురుగా అంకె నాలుగేళ్లుగా డీఏ మేరకే పెరుగుతూ ఉంటే, కొత్త భవనం పునాదిరాయి ఎంత పెద్దదైనా, ఆ క్యాంపస్‌లోకి కొత్త అధ్యాపకులు దాదాపుగా రాలేదనే అర్థం.