పచ్చసొనలోని పోషకం – లెసిథిన్

జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ, కాలేయం శుభ్రపడుతుందనీ చెప్పి లెసిథిన్ గుళికలు, పొడి డబ్బాలు మందుల షాపుల్లో అమ్ముతున్నారు. పేద పిల్లలకూ గర్భిణులకూ ఏదైనా బలమైనది ఇవ్వాలనుకునే దాతలకు ఇలాంటివి కొని పంచుదామన్న ఆలోచన రావడం సహజం. అయితే ఆ డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ పోషకం గురించి నాలుగు విషయాలు తెలుసుకోవడం మంచిది.

లెసిథిన్ అంటే భాస్వరం కలిసిన ఒక రకం కొవ్వు. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి శాస్త్రవేత్త థియోడోర్ గోబ్లీ దీన్ని కోడిగుడ్డు పచ్చసొన నుంచి వేరు చేశారు. గ్రీకు భాషలో పచ్చసొనను 'లెకిథోస్' అంటారు. ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. దీని అణువులో ఒక కొస నీటితో కలుస్తుంది, రెండో కొస నూనెతో కలుస్తుంది. అందుకే బిస్కెట్లు, చాక్లెట్ల తయారీలో దీన్ని వాడతారు. పొట్లం మీద 322 అనే అంకె ఉంటే అది లెసిథినే. 'సోయా లెసిథిన్' అని రాసి ఉంటే అది సోయా గింజల నుంచి తీసినదని అర్థం.

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ ఉండే పొరలో ఈ జాతి కొవ్వులే ఉంటాయి. కాలేయంలో చేరిన కొవ్వు బయటికి వెళ్లడానికి ఇవి కావాలి. పుట్టిన బిడ్డ తొలి శ్వాస తీసుకున్నాక ఊపిరితిత్తులు మళ్లీ ముడుచుకుపోకుండా కాపాడేదీ ఈ జాతి పదార్థమే. లెసిథిన్‌లోని కోలిన్ అనే భాగం మెదడుకూ నరాలకూ అవసరం. గర్భంలోని శిశువుకూ, పాలు తాగే బిడ్డకూ అది తల్లి నుంచే అందాలి.

అమెరికా వైద్య సంస్థ 1998లో కోలిన్‌ను అవసరమైన పోషకంగా గుర్తించి రోజువారీ కొలతలు సూచించింది. 4–8 ఏళ్ల పిల్లలకు 250 మిల్లీగ్రాములు, 9–13 ఏళ్ల వారికి 375, గర్భిణికి 450, పాలిచ్చే తల్లికి 550. తెల్లన్నంలో ఇది చాలా తక్కువ. 50 గ్రాముల గుడ్డు ఒక్కదానిలో సుమారు 145 మిల్లీగ్రాములు ఉంటుంది. అదీ దాదాపు అంతా పచ్చసొనలోనే. నాటుకోడి గుడ్డు చిన్నది కాబట్టి కొంత తగ్గుతుంది. కోడిమాంసం, చేపలు, పాలు, సోయా, వేరుశనగలలో కూడా కోలిన్ ఉంది. కాలేయంలో మరీ ఎక్కువ. ఖుర్బానీ రోజుల్లో వండుకునే కలేజీ ఆ విధంగా మంచి ఆహారమే కానీ, అందులో విటమిన్ ఎ కూడా ఎక్కువగా ఉంటుంది కనుక గర్భిణులు తరచుగా తినకూడదు.

ఇక గుళికల లెక్క చూద్దాం. 1200 మిల్లీగ్రాముల సోయా లెసిథిన్ గుళికలో కోలిన్ ఇంచుమించు 40 మిల్లీగ్రాములు మాత్రమే. అంటే ఒక్క గుడ్డుకు మూడు నాలుగు గుళికలు మింగాలి. పైగా గుడ్డులో మాంసకృత్తులూ ఉన్నాయి, గుళికలో అవి లేవు. మతిమరుపు జబ్బు ఉన్నవారికి లెసిథిన్ ఇచ్చి చేసిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. గుళిక తొడుగు జంతువుల జెలటిన్‌తో చేసినది కావచ్చు, హలాల్ అవునో కాదో లేబుల్ చూసి తెలుసుకోవాలి. డాక్టరు ప్రత్యేకంగా రాసిస్తే తప్ప పిల్లలకు ఇలాంటివి ఇవ్వనవసరం లేదు.

మన చింతూరు ప్రాంతంలో కోయ కుటుంబాలు, కొండరెడ్ల కుటుంబాలు కోళ్లు పెంచుతాయి. కానీ గుడ్లను పొదగేసి, కోళ్లను సంతలో అమ్ముకుంటే ఇంటి ఖర్చులకు పనికొస్తుంది. కనుక పిల్లల కంచంలోకి గుడ్డు తరచుగా రాదు. ప్రభుత్వ బడిలో వారానికి ఐదు రోజులు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారు. బడి మూతపడితే అదీ ఆగిపోతుంది. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే వేసవి సెలవులు ఇందులో పెద్ద ఖాళీ.

దాతల సాయం అవసరమైనది ఆ ఏడు వారాల్లోనే. టానిక్కులకు పెట్టే డబ్బు ఆ రోజుల్లో ఉడికించిన గుడ్లకు పెడితే, సదఖా నేరుగా బిడ్డ కడుపుకు చేరుతుంది. గుడ్డు పడని పిల్లలుంటే ముందుగా అడిగి తెలుసుకుని, వారికి పాలు, వేరుశనగ ఉండలు ఇవ్వవచ్చు. పంచేటప్పుడు తల్లులకు ఒక్క మాట తప్పక చెప్పాలి: పచ్చసొన తీసి పారేయవద్దు, అసలు బలం అందులోనే ఉంది.