పన్నెండింటికి గుడి తలుపులు వేస్తారు

కుటుంబంతో సత్యవేడు చుట్టుపక్కల చూడటానికి బయల్దేరేవాళ్ల ప్లాను చాలావరకు ఒకేలా ఉంటుంది. తెల్లారకముందే బండి మాట్లాడుకోవడం, గుడిమల్లం, నారాయణవనం, నాగలాపురం, సురుటుపల్లి వరసగా చుట్టేయడం, పొద్దుంటే ఉబ్బలమడుగు జలపాతం, రాత్రికి ఇల్లు. దూరాలతో పెద్ద చిక్కేమీ లేదు. నారాయణవనం, నాగలాపురం, సురుటుపల్లి మూడూ పుత్తూరు నుంచి ఊత్తుకోటకు పోయే ఒకే రోడ్డు మీద తగులుతాయి. చిక్కంతా మధ్యాహ్నంతోనే. ఇక్కడి గుళ్లు చాలావరకు పన్నెండు, పన్నెండున్నరకి మూసేస్తే మళ్లీ తెరిచేది నాలుగింటికి. నాలుగైదు పేర్లు రాసుకుని బయల్దేరిన కుటుంబం ఎక్కడో ఒకచోట మూసిన తలుపులకే దండం పెట్టి కదలాల్సిందే. అందుకే రోజుకు రెండు చోట్లు చాలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అంటాను.

రెండే ఎందుకంటే ఇవి తొంగిచూసి వచ్చేసే చోట్లు కావు. ఏర్పేడు మండలంలోని గుడిమల్లాన్నే తీసుకోండి. పరశురామేశ్వరాలయంలోని లింగం క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అంచనా. ఆ కాలం మీద వాదాలు ఇంకా తెగలేదు. సుమారు ఐదడుగుల ఆ లింగం ముందువైపు శివుడు ఒక మరుగుజ్జు యక్షుడి భుజాల మీద నిలబడి ఉంటాడు. కుడిచేతిలో తలకిందులుగా వేలాడే పొట్టేలు, ఎడమచేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. మెడలో జంధ్యం లేదు. కట్టుకున్న పంచె ఎంత పల్చనిదంటే ఒంటి తీరంతా దాని వెనక నుంచి కనిపిస్తుంది. రాతిలో! గర్భగుడి మసక వెలుతురుకు కళ్లు అలవాటు పడితే తప్ప ఇవేవీ ఆనవు. సురుటుపల్లిలో హాలాహలం తాగిన శివుడు పార్వతి ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంటాడు. లింగాన్నే చూసి పెరిగిన పిల్లలకు బోలెడన్ని ప్రశ్నలు పుట్టే చోటిది. జవాబు చెప్పే తీరిక పెద్దవాళ్లకుండాలి. అక్కడ ప్రదోషం నాడు జనం విపరీతం. మొక్కున్నవాళ్లకు అదే సరైన రోజు, నిదానంగా చూడాలనుకునేవాళ్లు ఆ తేదీ తప్పించుకోవడం మేలు.

ఇటలీలోని టస్కనీకి పోయే కుటుంబాలకూ ఇదే తలనొప్పి. అక్కడా పల్లెటూరి చర్చీలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు, ఫ్లోరెన్స్‌లోని పేరుమోసిన ఉఫీజీ మ్యూజియానికి సోమవారం సెలవు. తెలివైనవాళ్లు ఏదో ఒక పల్లెలో రైతు ఇంట్లో దిగి, రోజుకో ఊరు చూసి, రాత్రికి అక్కడికే చేరతారు. మన దగ్గర అలా రైతుల ఇళ్లలో దిగే ఏర్పాటు పెద్దగా లేదు, నిజమే. అయితే శ్రీసిటీ పారిశ్రామికవాడ వచ్చాక సత్యవేడు, తడ వైపు హోటళ్లు వెలిశాయి. అక్కడ రెండు రాత్రులు దిగితే మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చడానికి ఒక చోటుంటుంది. అవ్వ మోకాళ్లకు అదెంత అవసరమో వేరే చెప్పాలా?

‘బండికి బాడుగ ఇస్తున్నాం, ఒక్కరోజులో అన్నీ చూసేస్తే కలిసొస్తుంది కదా’ అంటారు. గది అద్దె కలిపితే రెండు రోజుల ఖర్చు ఎక్కువే, కాదనను. కానీ నాలుగు గుళ్లకు బాడుగ కట్టి రెండు చూసినవాళ్లకు కలిసొచ్చిందేమిటి? డబ్బుకు మరీ ఇబ్బందైతే పేర్లు తగ్గించుకుని ఒక్కరోజే పోవచ్చు. ‘పిల్లలకు గుళ్లు విసుగు’ అనేదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాళ్ల కోసం ఉబ్బలమడుగును రోజు చివర ఇరికించకుండా దానికో పూట విడిగా ఇవ్వాలి. అది అడవి దారి. వానలు పడేటప్పుడు ఆ ఆలోచనే వద్దు.

ఈ ప్రాంతాన్ని జిల్లా మ్యాపు చూసి కొలవడం మరో పొరపాటు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, అప్పటిదాకా చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. చరిత్ర ఈ గీతలు చూసుకుని నడవలేదు. 1613లో డచ్చివాళ్లు కోట కట్టిన పులికాట్ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. చెక్కడాలున్న వాళ్ల సమాధులు చూడాలంటే సరిహద్దు దాటాలి. మూడో రోజు దొరికితే దానికే.

నాగలాపురాన్ని మాత్రం ఎప్పుడూ సాయంత్రానికే ఉంచుకోవాలి. శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాంబ పేరు మోస్తున్న ఊరది. మత్స్యావతారంలోని వేదనారాయణస్వామి పడమటి ముఖంగా కొలువై ఉంటాడు. ఏటా మార్చిలో సూర్యపూజ రోజుల్లో పొద్దు వాలుతుంటే కిరణాలు గోపురద్వారం గుండా లోపలికి పాకి, మొదట పాదాల మీద, మర్నాడు నాభి మీద, ఆ మర్నాడు శిరస్సు మీద పడతాయి. నిలిచేది కొద్ది నిమిషాలే. ఆ వేళకు మన బండి ఇంకా దారిలో పిచ్చాటూరు దగ్గరే ఉంటే సూర్యుడు ఆగడు.